ముక్కు మాట

నాలుగో ఎండనెల, పదకొండు

సీతాఫలం గల్లీ కడిగాం. నేల తివాచీ, రెండు గోడల తివాచీలు. మనుషులం ముగ్గురం. ఇబ్బందులు ఏమీ లేవు.

గాలి ఆఫీసుకు పంపే కాగితంలో ఇంతే రాశాను. అంతకంటే రాస్తే వాళ్లు చదవరు. మిగిలింది ఈ పుస్తకంలో రాసుకుంటాను. నోటితో చెప్పడం నాకు చేతకాదు.

పొద్దున గల్లీ అటు చివర ఒక పరదా, ఇటు చివర ఒక పరదా కట్టి పంకా ఆపించాం. పంకా తిరుగుతుంటే మంచులా చిమ్మిన మందు గాల్లో నిలవదు, తివాచీలోకి దిగదు. ఇళ్లవాళ్లు పిల్లలనూ అన్నం గిన్నెలనూ తీసుకుని నాలుగు బాటల దగ్గరికి పోయి కూర్చున్నారు. మేం లోపల ఉండిపోయాం. రాజమల్లు మంచు మిషన్ వీపున వేసుకుని నేల మీద కొట్టాడు. నేను గొట్టం పట్టి గోడలు చూసుకున్నాను. కొమురక్క ముందు నడుస్తూ ఎక్కడ ఎంత కొట్టాలో చేత్తో చూపించింది. కళ్లకు అద్దాలు, చేతులకు రబ్బరు తొడుగులు, మూతికి బట్ట. ఆ బట్ట కాసేపటికే తడిసి మూతికి అంటుకుపోతుంది.

ఇది పాత బొగ్గు బాయి, గని. పైన ఎండలకు బతకలేక జనం దిగి ఇక్కడే గల్లీలు కట్టుకున్నారు. ఎన్ని పూతలు పూసినా గోడలు రాలుతూనే ఉంటాయి. ఆ పొడి మనుషుల ఛాతీల్లోకి పోకుండా తివాచీలు పట్టుకుంటాయి. మొదట దిగినవాళ్లు వరంగల్ నుంచి మోసుకొచ్చి పరిచారట. రెండో ఏడే తడికి వాటిలో బూజు పట్టి, గల్లీకి గల్లీయే మంచాన పడింది. ముక్కు మాట అప్పుడు పుట్టిన ఆచారం.

ఇవాళ కూడా పని చివర కొమురక్క మూతి బట్ట తీసింది. కొంగు నడుముకు బిగించి, మోకాళ్ల మీద వంగి తివాచీకి ముక్కు ఆనించింది. బూజు వాసన ఉండకూడదు. మందు ఘాటు ఉండకూడదు. రెండూ లేవని తెలిస్తేనే ఆమె ‘అయింది’ అంటుంది. ఆమె అంటేనే పరదా లేస్తుంది. ఆఫీసు సంతకం కంటే ఆ మాటకే ఈ బాయిలో విలువ ఎక్కువ. ఆమెకు ముందు వాళ్ల అమ్మ చెప్పేది.

ఇవాళ వెంటనే అనలేదు. “ఇంకో చుట్టు కొట్టుండ్రి” అంది. నాకు అప్పటికే ముక్కు మండిపోతోంది. అయినా పెద్దది, కొట్టాం. తర్వాత ఇంకో చుట్టు అంది. అదీ కొట్టాం.

అన్నాల వేళ ఆమె గిన్నె మూత తీయగానే పప్పు పాడైన వాసన గుప్పున వచ్చింది. ఆమె మామూలుగా కలుపుకుని తింటోంది. రాజమల్లు పక్కనే ఉండి కూడా ఏమీ అనలేదు. పెద్దామె ముందు మర్యాదకు ఊరుకున్నాడు అనుకున్నాను.

నాలుగో ఎండనెల, పద్నాలుగు

తంగేడు గల్లీ. పని మామూలే.

రాజమల్లు నీళ్లకు పోయినప్పుడు కొమురక్కను అడిగాను. మూడు రోజుల నుంచి ఆ మాట నోట్లో తిరుగుతోంది.

“అక్కా, మొన్నటి నీ పప్పు పులిసింది.”

“నీకెట్ల ఎరుక?”

“వాసనొచ్చింది.”

ఆమె తొడుగులు విడిచి, ఒకదాన్ని ఇంకో దానిలో దూర్చి పక్కన పెట్టింది. ఆ పని చాలాసేపు చేసింది.

“బిడ్డ చూడకుండ పెట్టిందేమో” అంది. తర్వాత, “పోయిన వానల కాడ్నుంచి వాసన తెలుస్తలేదు తమ్మీ. ముందు పూల వాసన పోయింది. గది పోతే పోయిందనుకున్న. తర్వాత కిరసనాయిల్ కూడ పోయింది.”

“దగ్గు?”

“దగ్గుదేముంది. బాయిల ఉన్నోళ్లందరికి ఉంటది.”

“డాక్టరమ్మకు చెప్పరాదు?”

“చెప్తే ఏం జేస్తరు, బువ్వ పెడ్తరా? ముక్కు పోయిన మనిషిని ముక్కు మాటకు ఉంచుకుంటరా? పై చావడికి పంపుతరు. ఈ ఊపిరితోని ఆ ఎండల పలకలు తుడుసుకుంట నేను ఎన్ని దినాలుంట చెప్పు.”

అది ఇద్దరికీ తెలుసు. కింద పీల్చే ప్రతి ఊపిరికీ ఒక పని ఉండాలనేది గాలి ఆఫీసు నియమం. కింద పనికి పనికిరాని వాళ్లు పైకి పోయి, చావడిలో ఉంటూ, కరెంటు ఇచ్చే ఎండ పలకలు తుడవాలి. ఎండనెలల్లో పైకి పోయిన ఛాతీ జబ్బు మనిషి వానల నాటికి దిగి రావడం నేను చూడలేదు. కొమురక్క కూతురు ఇక్కడే ఉంది. మూడేళ్ల మనవరాలు నిద్రపోవాలంటే ఈమె చెవి పట్టుకోవాలి.

“ఎవలకన్న చెప్తవా?” అంది.

“నేనెవరికి చెప్త అక్కా? నాకు మాటలొస్తయా?”

ఆమె నవ్వింది. “గందుకే నీకు చెప్పిన ఓదెలు.”

సాయంత్రం ముక్కు మాట వేళకు నేను ఆమె పక్కన నిలబడ్డాను. ఘాటు తగ్గాక నా బూటు ముందుకు జరిపి ఆమె మోచేతికి తాకించాను. ఆమె ‘అయింది’ అంది. ముందే అనుకున్నది కాదు. అలా జరిగిపోయింది.

ఐదో ఎండనెల, ఆరు

మళ్లీ సీతాఫలం గల్లీ. కొత్త మందు వచ్చింది. పాతదానికంటే చిక్కన. మొగలిపూల వాసన కలిపారు.

వాసన ఎందుకు కలిపారంటే, ఇళ్లవాళ్లు అడిగారు. ఈ గల్లీ పెద్ద సులోచనమ్మ పరదా లేవగానే ముందు లోపలికి వస్తుంది. నడుం మీద చేతులు పెట్టుకుని గట్టిగా పీలుస్తుంది. ఇవాళ మా సూపర్‌వైజర్ దామెర సార్ కూడా ఉన్నారు.

“సారూ, ఇగ ఇప్పుడు కడిగినట్టున్నది. పోయిన నెల ఉత్త నీళ్లు చల్లిపోయిన్రనుకున్న.”

రాజమల్లు ఊరుకోడు. “ఉత్త నీళ్లయితె మాగ్గూడ మంచిగుండు పెద్దమ్మా, తానం జేసిన పుణ్యమన్న దక్కు.”

“తానం జేసినట్టే ఉన్నవ్ గద! నీ నుంచి మొగలిపూలు కాస్తున్నయ్.”

“పిల్లనిచ్చేటోళ్లకు చెప్పు మరి.”

అందరూ నవ్వారు. రాజమల్లుకు నవ్వు మధ్యలో దగ్గు వచ్చి గోడ పట్టుకున్నాడు. సులోచనమ్మ తన చెంబులో నీళ్లు ఇచ్చింది. ఎంగిలి చెంబు అని కూడా చూడలేదు.

దామెర సార్ చెడ్డవాడు కాదు. వెనకటి రోజుల్లో బకెట్లు, బ్రష్షులతో గల్లీకి రోజంతా పట్టేది, ఇళ్లవాళ్లు నాలుగు బాటల దగ్గర రోజంతా పడి ఉండేవారు. మంచు మిషన్ వచ్చాక సగం షిఫ్టులో అయిపోతోంది. ఆ తొందర తగ్గకుండా చూడటం ఆయన పని. పోతూ పోతూ నా వైపు చూసి, “మీ ముగ్గురు మంచిగున్నరు గద?” అని అడిగారు. తల ఊపాను.

ఆరో ఎండనెల, రెండు

తంగేడు గల్లీ. పని మామూలే.

నిచ్చెన మెట్లు ఎక్కడానికి మధ్యలో ఆగవలసి వచ్చింది. ఛాతీలో పిల్లి కూన ఉన్నట్టు శబ్దం. కాసేపు కూర్చుంటే పోయింది. రాయకూడదు అనుకున్నాను, రాశాను.

నేను బడికి పోలేదు. పై పనివాడి కొడుకును. మందు డబ్బాల మీది అక్షరాలు చూసి చదువు నేర్చుకున్నాను. పెద్ద అక్షరాల తర్వాత చిన్నవి. ‘కదిలించి వాడవలెను’, ‘పిల్లలకు అందనీయరాదు’, ‘పీల్చరాదు’. మూడోది కూడబలుక్కుని చదివినప్పుడు ఎంత సంతోషపడ్డానో గుర్తుంది, ఒత్తున్న మాట కదా. ఇవాళ డబ్బా తెరుస్తూ మళ్లీ చదివాను. పరదాలు కట్టి, పంకా ఆపి, మంచు మధ్యలో నిలబడినవాడు ఇంకేం పీల్చాలి?

రాజమల్లు, “ఏందన్నా, డబ్బాతోని ముచ్చట పెడ్తున్నవ్?” అన్నాడు.

“ఏం లేదు” అన్నాను.

ఆరో ఎండనెల, ఇరవై ఒకటి

ఇవాళ మొగలి వాసన రాలేదు.

డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మంట తెలిసింది. వాసన లేదు. ఇంటికి వచ్చి ఉల్లిగడ్డ కోశాను. కళ్లలో నీళ్లు వచ్చాయి, వాసన రాలేదు. పోపు డబ్బా, సబ్బు, నా చొక్కా, అన్నీ చూశాను. అన్నీ ఒకటే.

ఆ రోజు నుంచి ప్రతిసారీ కొమురక్క నా బూటు కోసం కనిపెట్టుకుని ఉంటుంది. ఆమెకు ఏం చెప్పాలి? చెబితే ఆమె ఆ మాట చెప్పడం మానేయాలి. మానేస్తే పై చావడి.

ఆలోచిస్తే ఒక దారి కనిపించింది. రాజమల్లు కుర్రవాడు, వాడి ముక్కు బాగానే ఉండాలి. మంచు చాలిందని తోచినప్పుడు వాడు మిషన్ ఆపి వీపు మీద నుంచి దించుతాడు. వాడు దించాక కాసేపు ఆగి బూటు జరిపితే సరిపోతుంది.

ఏడో ఎండనెల, నాలుగు

తంగేడు గల్లీ. రాజమల్లు దించాడు, నేను బూటు జరిపాను, కొమురక్క అయింది అంది. సరిపోయింది.

ఏడో ఎండనెల, తొమ్మిది

సీతాఫలం గల్లీ. ఇబ్బంది జరిగింది. ఆఫీసు కాగితంలో కూడా రాశాను.

ఇవాళ రాజమల్లు మిషన్ చాలాసేపు దించలేదు. గల్లీ మొత్తం నాలుగు చుట్లు కొట్టాడు. ముందు నడుస్తున్న కొమురక్క రెండుసార్లు గోడకు ఆనుకుని ఆగింది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఆమె మెడ నరాలు పైకి తేలుతున్నాయి. చివరికి రాజమల్లు దించాడు. కాసేపు ఆగి నేను బూటు జరిపాను. ఆమె ‘అయింది’ అంది. పరదా ఎత్తాం.

సులోచనమ్మ ఎప్పటిలాగే ముందు వచ్చింది. చంకలో మనవడు ఉన్నాడు. నాలుగు అడుగులు వేసి గొంతు పట్టుకుంది. పిల్లవాడు మొదట తుమ్మాడు, తర్వాత దగ్గు, తర్వాత ఏడుపు కూడా బయటికి రాలేదు. నోరు తెరిచి ఉంది, శబ్దం లేదు. వెనక వచ్చినవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని వెనక్కి పరుగెత్తారు.

మేం ముగ్గురం మధ్యలో నిలబడి చూస్తున్నాం. వాళ్లకు ఏమైందో మాకు అర్థం కాలేదు.

“ఏమైంది పెద్దమ్మా?” అని రాజమల్లు నిజంగానే అడిగాడు.

నేను ఆమె చంకలోంచి పిల్లవాణ్ణి లాక్కుని గాలి వచ్చే వైపు పరుగెత్తాను. పిల్లి కూన శబ్దం నా ఛాతీలోదో, వాడిదో తెలియలేదు. దవాఖానాలో సాబేరా డాక్టరమ్మ వాడి మూతికి ఊపిరి గొట్టం పెట్టింది. కాసేపటికి ఏడిచాడు. ఏడుపు వినిపించాక నేల మీద కూర్చున్నాను.

డాక్టరమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. నా బట్టలు మందుతో తడిసి ఉన్నాయి.

“వీడు లోపట ఎంతసేపున్నడు?”

“అడుగు పెట్టిండు, అంతే.”

“నువ్వు?”

“పొద్దట్నుంచి.”

ఆమె నా తడి చొక్కా వేళ్లతో పిండి చూసి, “రేపు మీ ముగ్గురు రాండ్రి. తప్పించుకుంటె మనిషిని పంపుత” అంది.

ఏడో ఎండనెల, పది

పని లేదు. దవాఖానా.

డాక్టరమ్మ ముందు మమ్మల్ని ఒక గొట్టంలోకి ఊదమంది. కొమురక్క ఊదితే లోపలి బిళ్ల కొంచెం లేచి పడిపోయింది. రాజమల్లుది సగానికి. నాది వాడికి కొంచెం పైన. తర్వాత బల్ల మీద బట్ట కప్పిన గిన్నె పెట్టింది. కళ్లు మూసుకుని ఒక్కొక్కరూ వాసన చూసి చెప్పాలి.

రాజమల్లు ముందుకు వంగాడు. గట్టిగా పీల్చాడు. “మొగలిపూలు” అన్నాడు, ధీమాగా.

నా వంతు. నాకేమీ రాలేదు. రాజమల్లు చెప్పాడు కదా అనుకుని, “అవును, పూలే. కొంచెం వాడినయి” అన్నాను. వాడినవి అనేది నమ్మకం కోసం కలిపాను.

కొమురక్క వంగనే లేదు. “వాళ్లు చెప్పిందే” అంది.

డాక్టరమ్మ బట్ట తీసింది. గిన్నెలో ఎండు చేపలు. గుమ్మం దగ్గర నర్సు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆమెను ముందే చూశాను. జలుబు చేసిందేమో అనుకున్నాను.

రాజమల్లు ఒక చేప తీసి ముక్కుకు ఆనించుకున్నాడు. నాలుకకు తాకించాడు. పెట్టేశాడు.

“ఎప్పట్నుంచి?” అని అడిగింది డాక్టరమ్మ.

“మిషన్ మోసుడు మొదలువెట్టిన ఏడాదికి” అన్నాడు వాడు. నేను వాడి వైపు తిరిగాను. అంటే నాకంటే ముందు. కొమురక్క కంటే కూడా ముందు.

“మరి మిషన్ ఎప్పుడు దించాల్నో నీకెట్ల తెలుస్తది?” అన్నాను.

“అక్క కొంగు బిగిస్తది గదన్నా. బిగించిందంటె చాలిందని. నిన్న ఎంతకూ బిగియ్యకపాయె, మందు అయిపోయేదాక నేను కొడ్తనే ఉన్న.”

కొమురక్క అంది, “నిన్న ఊపిరాడక గోడ పట్టుకున్న. కొంగు బిగియ్యనీకె చెయ్యి లేస్తె గద.” తర్వాత నన్ను చూపించి, “నేను ఓదెలు బూటు కోసం చూస్త” అంది.

“నేను రాజమల్లు ఎప్పుడు దించుతడా అని చూస్త” అన్నాను.

డాక్టరమ్మ మా ముగ్గురి ముఖాలూ వరసగా చూసింది. “అయితె ఇన్నొద్దులు వాసన చూసిందెవరు?”

“ఎవలు లేరు డాక్టరమ్మా” అన్నాడు రాజమల్లు. “మైసమ్మ తల్లి చూసుకున్నట్టున్నది.”

ముందు కొమురక్కే నవ్వింది. ఆమె నవ్వు చూసి నాకు వచ్చింది, నర్సుకు కూడా వచ్చింది. తర్వాత ఆమె నవ్వు దగ్గు అయింది. దగ్గు ఆగలేదు. పెదవులు నీలం తిరిగాయి. నిన్న పిల్లవాడికి పెట్టిన గొట్టమే ఆమెకు పెట్టారు. రాజమల్లు ఆమె వీపు రాస్తూ, “నేనేమన్న అన్ననా అక్కా, ఊకె అన్న” అని ఏడ్చాడు.

ఆమె కుదుటపడ్డాక డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. “బకెట్ల కాలంల చుక్క పెద్దగుండె, నేల మీద పడుతుండె. ఈ మిషన్ చుక్క కంటికి కనపడదు. పడదు, తేలుతది. మీ ఊపిరితోని అడుగు దాక పోతది. మూతి బట్ట పొడిని ఆపుతది గని దీన్ని ఆపదు. తడిసిందంటె మందును మూతికి కట్టుకున్నట్టె. మీ ఇద్దరు ఇప్పుడు ఆపితె కొంత తిరిగి రావచ్చు. ముక్కు కూడ రావచ్చు. మాటియ్యలేను.”

“నాకు?” అంది కొమురక్క.

“పోయింది రాదమ్మా. ఉన్నదాన్ని కాపాడుకోవాలె.”

“పైకి పంపుతరా?”

“నేను కాగితం రాయాలె. అబద్ధం రాయలేను.”

కొమురక్క తల ఊపింది. “నేను గూడ ఇగ చెప్పలేను” అంది.

ఏడో ఎండనెల, పదమూడు

నాలుగు బాటల దగ్గర సీతాఫలం, తంగేడు గల్లీల వాళ్లు కూడారు. గాలి ఆఫీసు నుంచి దామెర సార్ వచ్చారు. డాక్టరమ్మ కాగితం ఆయన చేతిలో ఉంది. చదవబోతే కొమురక్క ఆపింది. నిలబడే శక్తి లేక బోర్లించిన బకెట్ మీద కూర్చుని తనే చెప్పింది.

“నా ముక్కు పోయి ఏడాది కావొస్తున్నది. అయినా అయింది, అయింది అని చెప్పుకుంట వచ్చిన. చెప్పకపోతె నన్ను పైకి పంపుతరని భయపడ్డ. మొన్న పోరనికి అయింది నా మాటతోనే.”

తంగేడు గల్లీ నుంచి ఎవరో, “మీ అమ్మ పేరు తీసినవ్ గదనే!” అన్నారు. ఆమె తల వంచుకుంది. సులోచనమ్మ మనవణ్ణి ఎత్తుకుని ముందుకు వచ్చింది. తిడుతుందని అందరం అనుకున్నాం. తిట్టింది కూడా.

“నీ నోట్ల మన్నువడ! పోరడు సచ్చిపోతె ఏం చేద్దువే?” అంది. మనవణ్ణి ఇంకో చంకకు మార్చుకుని, దామెర సార్ వైపు తిరిగి, “పంకా ఆపింది ఎవలు?” అంది.

దామెర సార్, “అది పద్ధతి సులోచనమ్మా. మంచు నిలవాలె గదా” అన్నారు.

“వాసన కావాల్నని అడిగింది ఎవలు?”

అడిగింది ఆమే.

“మేము ఈడ కూసొని ముక్కులు మూసుకొని, ఎప్పుడైతది, ఎప్పుడైతది అని గునుసుకుంట ఉంటిమి. గా లోపట మనుషులున్నరన్న సోయి మాకు లేకపాయె. సారూ, పాత బ్రష్షులున్నయా?”

“ఉన్నయి గని, రోజంత పడ్తది. మనుషులు చాలరు.”

“మా ఇంటి ముందరిది నేను తోముకుంట. నాకు చేతులు లేవా?”

అందరూ ఒప్పుకోలేదు. తంగేడు గల్లీ వాళ్లు తమకు మంచు మిషనే కావాలన్నారు. మొగలి వాసన లేకపోతే కడిగినట్టు ఎలా తెలుస్తుందని ఒకాయన చాలాసేపు వాదించాడు. చివరికి దామెర సార్ ఒక్క సీతాఫలం గల్లీలో బ్రష్షులతో చూద్దామన్నారు. పంకా ఆపరు. మిగతా చోట్ల డాక్టరమ్మ చెప్పిన వేరే మూతి తొడుగులు తెప్పించే వరకు మిషన్ ఆపి ఉంచుతారు, అవి వచ్చాక ఇంకో జట్టు కొడుతుంది.

కొమురక్క సంగతి మిగిలింది. ఆయన కాగితం మడతపెట్టి, “ముక్కు లేనామె ముక్కు మాటకు ఎట్ల?” అన్నారు. వాదనలా అడగలేదు, నిజంగా తెలియక అడిగారు.

అంతమంది ముందు మాట్లాడటం నాకు అదే మొదటిసారి. “వాసన నేను చూస్త. ఏం వాసనొచ్చిందో అందరు వినేటట్టు చెప్త. రాకపోతె రాలేదంట. మాట మాత్రం అక్క చెప్తది” అన్నాను. “ఆమె చెప్తెనే పరదా లేస్తది. ఇన్నేండ్లు గట్లనే లేచింది.”

“నీ ముక్కు పోయిందంటిరి గద?” అన్నారు సార్.

“వచ్చేదాక సులోచనమ్మ చూస్తది.”

“నేనా?” అంది సులోచనమ్మ. తర్వాత, “చూస్త తియ్” అంది.

దామెర సార్ కాగితం వెనక ఏదో రాసుకున్నారు. వానల దాకా చూద్దాం అన్నారు. అంతవరకు కొమురక్క కిందే ఉంటుంది.

తొలి వాననెల, మూడు

పైన వాన పడుతోందట. పిల్లలను వరసల్లో నిలబెట్టి ఆకాశం చూపించడానికి తీసుకుపోతున్నారు. కొమురక్క మనవరాలు కూడా పోయి వచ్చి, పైకప్పు కారుతోందని చెప్పింది.

పొద్దున ఇంట్లో ఏదో దుర్వాసన. చాలాసేపు వెతికాను. నా మేజోళ్లు. చేతిలో పట్టుకుని కూర్చున్నాను. రాజమల్లుకు చెబితే, “ఏం అదృష్టమన్నా నీది, గంధం అనుకొని పీల్చు” అన్నాడు. వాడికి ఇంకా రాలేదు. ఊదితే బిళ్ల మాత్రం కొంచెం పైకి పోతోంది.

తొలి వాననెల, ఎనిమిది

సీతాఫలం గల్లీ కడిగాం. పంకా తిరుగుతూనే ఉంది. బకెట్లో మందు పలచగా కలిపి, బ్రష్ ముంచి తోమి, తడి గుడ్డతో ఎత్తాం. ఇళ్లవాళ్లలో సగం మంది వచ్చారు. మిగతా సగం నాలుగు బాటల దగ్గర కూర్చుని ఆలస్యమవుతోందని విసుక్కున్నారు. మోకాళ్లు నొప్పి పుట్టాయి.

కొమురక్క గాలి వచ్చే వైపు, పరదా బయట, బకెట్ మీద కూర్చుంది. పక్కన ఊపిరి డబ్బా ఉంది. మాట మాటకూ ఆగి మాట్లాడుతోంది. అయినా అక్కడి నుంచే, “ఆ మూల ఒదిలిపెట్టిన్రు, నాకు కనబడదనుకున్నరా!” అని కేకలేస్తోంది.

పని అయ్యాక అందరూ నిలబడ్డారు. సులోచనమ్మ నన్ను ముందుకు తోసింది. “నీకు వస్తుందంట గద. నువ్వే చూడు.”

వంగి తివాచీకి ముక్కు ఆనించాను. మొదట తడి. తర్వాత పాత నూలు. బొగ్గు. ఎవరి ఇంట్లోనో పోపు. ఇన్ని వాసనలు ఉంటాయని మరిచిపోయాను. కొంచెం జరిగి, గోడ మొదట్లో మళ్లీ ఆనించాను. అక్కడ సన్నగా, అడుగున ఉంది.

అందరూ అలసిపోయి ఉన్నారు. పిల్లలు ఆకలికి నసుగుతున్నారు. దామెర సార్ గడియారం చూసుకుంటున్నారు. ఇవాళ బ్రష్షులు గెలవకపోతే రేపు మిషన్ వస్తుంది.

“అక్కా, బూజు” అన్నాను.

కొమురక్క అడిగింది. “నిజంగ వచ్చిందా?”

“వచ్చింది.”

“ఎట్లున్నది?”

“తడిసిన గోనెసంచి లెక్క. గోడ మొదట్ల.”

ఆమె కళ్లు తుడుచుకుంది. ఊపిరి కూడదీసుకుని, నాలుగు బాటల దాకా వినబడేలా అరిచింది.

“కాలే!”

‘అయింది’ తప్ప, కాలేదు అనే ముక్కు మాట ఈ బాయిలో ఇంతకుముందు ఎవరూ విన్నది కాదు. సులోచనమ్మ గట్టిగా నిట్టూర్చి, కొంగు బిగించి, మళ్లీ బ్రష్ అందుకుంది. కాసేపటికి దామెర సార్ గడియారం జేబులో వేసుకుని, చొక్కా చేతులు మడిచి, గోడ మొదట్లో నా పక్కన కూర్చున్నారు.

ఆఫీసు కాగితం ఇలా రాశాను:

సీతాఫలం గల్లీ. పని పూర్తి కాలేదు. రేపు కూడా తోమాలి. ఇబ్బందులు ఏమీ లేవు.